నెలవంక గుర్తు తలుపులు

కొత్తవాడ, వరంగల్
9 జూన్ 2025

చెల్లె ఫిజాకు,

అస్సలాము అలైకుమ్. రోజూ ఫోన్ చేసి నీ తల తినే అన్న ఉన్నట్టుండి కలం పట్టాడేమిటని నవ్వుకుంటున్నావేమో. వెంకట్రాజం వకీలు చేసిన పని ఇది. "ఫైజల్, ఈ ముచ్చట ఫోన్ల మాట్లాడకు, వాట్సాప్‌ల అస్సలుకే పెట్టకు. రేపు కోర్టుల అదే తీసి చూపిస్తరు" అన్నాడు. కాగితం మీద రాస్తే ఏమవుతుందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బడిలో సారు బెత్తంతో నేర్పిన తెలుగు ఇన్నాళ్లకు పనికొచ్చింది.

ఇక్కడ అందరం బాగున్నామని రాయలేను. ములుగు రోడ్డులో కిషన్ రావు ఫంక్షన్ హాల్ తెలుసు కదా. పోయిన దసరాకు దాని ముందు తలుపు నేనే పెట్టాను. చట్రం లేని నిండు అద్దం తలుపు. హైదరాబాద్ భట్టీలో కాల్పించి తెచ్చిన మందమైన టఫెన్ గ్లాస్. సుత్తితో కొట్టినా పగలదని కిషన్ రావు ముందు కొట్టి మరీ చూపించాను. పోయిన గురువారం అక్కడ పెళ్లి. జనం భోజనాల దగ్గర ఉన్నారు. ఆ తలుపు బాంబులాగా పేలింది. రాయి లేదు, దెబ్బ లేదు, గాలి కూడా లేదు.

మన వెనక ఇంటి మొగిలమ్మ కూతురు పూజ పెళ్లికూతురిని తయారు చేయడానికి పోయింది. సరిగ్గా అప్పుడే ఆ తలుపు దగ్గర ఉంది. టఫెన్ గ్లాస్ పగిలితే శనగగింజలంత ముక్కలైపోతుంది, మామూలు అద్దంలాగా కోసిపారేయదు. అయినా ఒక ముక్క కంట్లో పడింది. కుడి కన్ను. ఇక చూపు రాదని దవాఖానలో చెప్పేశారు.

ఫిజా, చిన్నప్పుడు ఆ పిల్ల మేడారం జాతరలో తప్పిపోతే వెతికి పట్టుకొని భుజం మీద ఎక్కించుకొని తెచ్చింది నేనే. ఇప్పుడు మగ్గం మీద ఒక కన్నుతో పోగులు ఎట్లా చూసుకుంటుంది? జంపఖానాలు నేసే ఇల్లు అది, కళ్లే వాళ్లకు ఆధారం. మొగిలమ్మ ఎదురైతే నేను తల దించుకొని పోతున్నాను.

కిషన్ రావు మాత్రం ఊరంతా చెప్తున్నాడు, "ఫైజల్‌గాడు నాసిరకం అద్దం పెట్టిండు" అని. అల్లా మీద ఆన, అది నాసిరకం కాదు. నువ్వు చదివేది అద్దం ఎట్లా పగులుతుందనే కదా. పగిలేదాన్ని చదివే బదులు పగలనిదాన్ని చదవరాదా అని ఎన్నోసార్లు ఏడిపించాను. ఆ చదువు ఇప్పుడు నాకు కావాలి. ఇందులో మన తప్పు లేదని నీ కాలేజీ ముద్ర వేసి ఒక కాగితం పంపు. మీ భాభీ సుగ్రా వేళకు తినమని చెప్పమంది.

నీ అన్న,
ఫైజల్


కాన్పూర్
17 జూన్ 2025

భయ్యా,

వఅలైకుమ్ సలామ్. నీ ఉత్తరం ల్యాబ్ మెట్ల మీద కూర్చొని చదివాను. పూజ నాకు కళ్ల ముందే మెదులుతోంది. నా జడకు రంగు పోగులు కలిపి అల్లేది కదా. ఏడుపు ఆగలేదు. ఇక్కడ వడగాలి, పులుపు లేని పప్పు, ఇంకేం రాయను వాటి గురించి.

నువ్వు అడిగింది మొదట చెప్తాను. అవును, టఫెన్ గ్లాస్ ఒక్కోసారి దానంతట అదే పగులుతుంది. గాజు కరిగించేటప్పుడు నికెల్, గంధకం కలిసిన నలుసు ఒకటి లోపల ఉండిపోతే, అది నెలల తరబడి మెల్లగా ఉబ్బుతుంది. ఒకరోజు తలుపంతా పేలిపోతుంది. అమర్చినవాడి తప్పు అందులో ఉండదు.

ఎందుకట్లా అంటావు. ఇనుప తీగను వంచితే వంగుతుంది. ఇనుములో పరమాణువులు వరుసలుగా ఉంటాయి, బలం పడితే ఒక వరుస ఇంకో వరుస మీద జారి సర్దుకుంటుంది. గాజుకు ఆ జారడం రాదు. సిలికాన్, ఆక్సిజన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి, పట్టు వదిలితే తెగడమే. సన్నని గీత ఒకటి ఉంటే లాగే బలమంతా పోయి దాని కొన దగ్గర చేరుతుంది. ఆ కొనలో ఉండేది ఒక్క బంధం. అది తెగగానే బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. బట్టల దుకాణంలో కత్తెరతో చిన్న గాటు పెట్టి గుడ్డను సర్రున చింపుతారు చూడు, అట్లా. నేను కంప్యూటర్‌లో చూసేది ఆ ఒక్క కొననే. రెప్పపాటులో కోటో వంతు కూడా కాని పగులును లెక్క కట్టడానికి మా మెషీన్లకు వారాలు పడుతుంది. నవ్వకు.

టఫెన్ గ్లాస్‌లో పైపొర లోపలికి నొక్కుకొని ఉంటుంది, మధ్యపొర బయటికి లాగుకొని ఉంటుంది. పైపొర నొక్కి పట్టినంతసేపు చిన్న గీతలు తెరుచుకోలేవు. గీత ఆ పొర దాటి లోపలికి పోయిందా, ఇక ఆపేవాళ్లు లేరు.

అందుకని భయ్యా, ముక్కలు చూడకుండా నేను కాగితం రాయలేను. ముద్ర వేసే అధికారం కూడా నాకు లేదు. కింది మూలల్లో స్టీల్ పట్టీ పట్టుకున్న దగ్గర ముక్కలు విడిపోకుండా మిగిలి ఉంటాయి, అవి దొరికితే పంపు. ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. భట్టీ నుంచి వచ్చాక ఆ అద్దాన్ని ఎక్కడైనా కోశావా, రాపాడావా?

పూజను చూడడానికి వెళ్లావా? తల దించుకొని పోవద్దు, వెళ్లు.

నీ
ఫిజా


కొత్తవాడ
29 జూన్ 2025

చెల్లె ఫిజాకు,

అస్సలాము అలైకుమ్. నువ్వు వందేళ్లు బతకాలి! నా నెత్తి మీద బండ దింపావు.

నీ ఉత్తరం రాగానే వకీలుకు చూపించాను. ఆయన కిషన్ రావును, మొగిలమ్మను, వాడకట్టు పెద్దలను ఆ హాల్లోనే కూర్చోబెట్టాడు. నీ రాతలో మొదటి ముక్క నేనే గట్టిగా చదివాను. నికెల్, గంధకం, నలుసు, మెల్లగా ఉబ్బడం, అమర్చినవాడి తప్పు లేకపోవడం, అంతా. అందరూ చెవులు రిక్కించి విన్నారు. "అంత చదివిన పిల్ల చెప్పినంక ఇంకేముంది, ఎవ్వరి తప్పు లేదు" అని పెద్దలు లేచిపోయారు. కిషన్ రావు నా భుజం తట్టి, కొత్త తలుపు కూడా నువ్వే పెట్టు అన్నాడు. కేసు లేదు, గీసు లేదు.

మొగిలమ్మ ఒక్కతే లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. ఏం చేస్తాం, దేవుడు చేసినదానికి. పూజ ఇంట్లోంచి బయటికి రావడం లేదు, నేను పోతే గోడ వైపు తిరిగి పడుకుంది.

కోశావా, రాపాడావా అన్న నీ ప్రశ్నకు మాత్రం నాకు మండింది. భట్టీ నుంచి వచ్చిన అద్దాన్ని కోస్తానా? నిన్నమొన్న పనిలో చేరినవాడు కూడా ఆ పని చేయడు. తండ్రి, గురువు రెండూ అయిన అబ్బా దగ్గర చేయి తిప్పడం నేర్చినవాణ్ని నేను.

అయినా నువ్వు అడిగావని మూల ముక్కలు దొరికినన్ని డబ్బాలో దూది పెట్టి పంపుతున్నాను. వాటిలో మన నెలవంక కూడా ఉంది, చూసి సంతోషపడు. అబ్బా పెట్టిన గుర్తు ఒక్క అద్దానికి కూడా నేను తప్పించలేదు. సరుకు మన అద్దాల దుకాణం గడప దాటే ముందు బిస్మిల్లా అని కింది మూలలో నెలవంక చెక్కడమే ఇప్పటికీ మన ఆఖరి పని. అబ్బా వజ్రపు కలంతో గీసేవాడు. ఈ మందపు అద్దం మీద ఆ గీత కనబడటం లేదని నేను చిన్న మెషీన్ కొన్నాను. గోరు పెడితే గోరు దిగుతుంది, అంత లోతు. ఎవడైనా చెరిపేస్తే చెరిగేది కాదు.

కొత్తగా పిల్లల దవాఖానకు తలుపు అడిగారు. నీ నోటి చలవ.

నీ అన్న,
ఫైజల్


కాన్పూర్
10 జూలై 2025

భయ్యా,

ఈ ఉత్తరం ఒక్కడివే కూర్చొని చదువు. ఎవరి ముందూ చదవకు, సగం చదివి ఆపకు. పోయిన ఉత్తరం నువ్వు సగమే చదివి వినిపించావని తెలిసి నాకు తిండి సయించలేదు. ముక్కలు చూడందే చెప్పలేనని కిందనే రాశాను కదా! అది ఎందుకు చదవలేదు?

డబ్బా అందింది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. పగిలిన గాజు తను ఎక్కడ మొదలైందో దాచుకోదు. మొదలైన చోట అంచు నున్నగా, అద్దంలాగా ఉంటుంది. కొంచెం దూరం పోయాక మంచు పట్టినట్టు మసకబారుతుంది, ఆ తర్వాత గరుకు గీతలు విసనకర్రలాగా విప్పుకుంటాయి. ఆ గీతలను వెనక్కి పట్టుకొని పోతే మొదలు దొరుకుతుంది. నికెల్ నలుసు కోసం చాలా వెతికాను భయ్యా, ఉండాలని కోరుకున్నాను. లేదు. గీతలన్నీ నెలవంక కింది కొమ్ము దగ్గరికి పోయి ఆగాయి.

అబ్బా గీసింది కిటికీ పలకల మీద, మొహం చూసుకునే అద్దాల మీద. ఆ రోజుల్లో మన దుకాణంలో టఫెన్ గ్లాస్ లేదు. ఆ పలకల్లో లోపల లాగే పొర ఉండదు, ఆ గీత వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నీ మెషీన్ పైపొరను దాదాపు దాటేసింది. అదీ మూలలో, స్టీల్ పట్టీ బిగించి పట్టుకునే చోట.

మిగతా పని నీళ్లు చేశాయి. గీత గీశాక తడి వేలు రాసి విరిస్తే అద్దం సులువుగా విరుగుతుందని నాకు నేర్పింది నువ్వే. ఎందుకో నేను ఇక్కడికి వచ్చాక తెలుసుకున్నాను. బిగిసి ఉన్న బంధం దగ్గరికి ఒక నీటి అణువు దూరుతుంది. తను రెండుగా విడిపోయి సగం ఇటు, సగం అటు అతుక్కుంటుంది. మధ్యలో బంధం తెగిపోతుంది. ఆ తర్వాత దాని పక్కది. హాల్లో రోజూ నేల కడుగుతారు, తలుపు కింది అంచు తడుస్తుంది. దసరా నుంచి ఆ నెలవంక కొన దగ్గర ఒక్కొక్క బంధం తెగుతూనే ఉంది. చప్పుడు లేదు, కంటికి కనబడదు. ఆ గురువారం దానికి ఆఖరి రోజు, అంతే.

ఇది దేవుడు చేసింది కాదు. మనం చేసింది. మొగిలమ్మకు ఆ మాట చెప్పాలి. దానికంటే ముందు, నీ మెషీన్‌తో గుర్తు పెట్టిన తలుపులన్నీ వెంటనే దింపించు. పిల్లల దవాఖానకు గుర్తు లేని తలుపే పెట్టు, ఇప్పటికే పెట్టేసి ఉంటే మొట్టమొదట అదే దింపు.

ఫిజా


కొత్తవాడ
19 జూలై 2025

ఫిజాకు,

చదివాను. మొత్తం చదివాను.

"మనం చేసింది" అని మర్యాదకు రాశావు. నువ్వు చేశావు అనే కదా నీ మాట. ఇన్నేళ్లు ఆ నెలవంక గుర్తే మన కడుపు నింపింది, నిన్ను కాన్పూర్ దాకా పంపింది. ఈ రోజు అది నేరం అయిందా? మీ సారు ముందు, నీ స్నేహితుల ముందు అద్దాల దుకాణం అన్న ఉన్నాడని చెప్పుకోవడానికి సిగ్గయితే ఆ మాటే రాయి. మైక్రోస్కోప్ అడ్డం పెట్టుకోకు.

ఒకసారి దానంతట అదే పగులుతుందంటావు, ఇంకోసారి నీవల్లే అంటావు. రేపు ఇంకేమంటావో. నీ మాట ఊరంతా నమ్మింది, ఇప్పుడు పోయి అది అబద్ధమని చెప్పనా?

పిల్లల దవాఖాన తలుపు మొన్ననే బిగించాను. దానికి నెలవంక పెట్టాను. ఎప్పటికంటే ఇంకా లోతుగా పెట్టాను.

ఫైజల్


కాన్పూర్
28 జూలై 2025

భయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. భాభీ ఎత్తి, "మీ అన్న దుకాణంల ఉన్నడు" అంటుంది. వెనక నీ దగ్గు వినిపిస్తూనే ఉంది.

సిగ్గా? నా థీసిస్ మొదటి పేజీలో అబ్బా పేరు, నీ పేరు పెట్టుకున్నాను. ఎవరికి సిగ్గు! నేను "మనం" అన్నది మర్యాదకు కాదు. నువ్వు గీత గీశావు. ముక్క చూడకుండానే "దానంతట అదే పగులుతుంది" అని ఉత్తరంలో పైన రాసింది నేను. నువ్వు బయటపడాలని ఆశపడ్డాను, అందుకే ఆ మాట ముందు పెట్టాను. నీ నోటితో ఊరు విన్నది ఆ మాటే.

పూజ కన్ను తిరిగి రాదు. కానీ ఆ దవాఖాన తలుపు ఇంకా పగలలేదు భయ్యా. అక్కడ తల్లులు పిల్లల్ని చంకన వేసుకొని భుజంతో తలుపు తోస్తారు. పిల్లలు చేతులు ఎక్కడ పెడతారో నీకు తెలుసు, కింద, నెలవంక ఎత్తులోనే. వానలు పడుతున్నాయి. నాకు నిద్ర పట్టడం లేదు. కాళ్లు పట్టుకుంటాను, దాన్ని దింపు. నీ మీద కోపం లేదు, భయమే ఉంది.

నీ
ఫిజా


కొత్తవాడ
24 ఆగస్టు 2025

చెల్లె ఫిజాకు,

అస్సలాము అలైకుమ్. నీ పోయిన ఉత్తరం నేను విప్పకుండా దుకాణంలో ఒక మూల పడేశాను. ఎందుకు విప్పానో చెప్తాను. నువ్వు చెప్పింది తప్పని చూపించాలని మొండికేశాను. షోకేసు అరల కోసం కాల్పించిన టఫెన్ పలకలు రెండు మిగిలి ఉన్నాయి. ఒకదాని అంచుకు నెలవంక చెక్కాను, ఇంకోదాన్ని వదిలేశాను. రెండింటినీ పెరట్లో కట్టెల మీద ఆనించి, పైన నడుమ బరువుకు ఇసుక సంచులు సమంగా పెట్టి, అంచులకు తడి గుడ్డ చుట్టాను. రోజూ పొద్దున లేచి చూసేవాణ్ని. ఏమీ కాలేదు. మీ భాభీ, "పిచ్చి లేసిందా ఏంది నీకు, అద్దాలకు కాపలా ఉంటానవ్" అని నవ్వేది. నేను కూడా నవ్వేవాణ్ని. ఫిజా వచ్చాక దీని ముందు నిలబెడతా అనుకున్నాను.

పోయిన శుక్రవారం నమాజుకు పోయి వచ్చి అన్నం తింటున్నాను. పెరట్లో ఢామ్మంది. సుగ్రా చేతిలో గిన్నె జారిపోయింది. పోయి చూస్తే చెక్కిన పలక లేదు, ఇసుకలో శనగగింజలు పోసినట్టు ముక్కలు. పక్కనున్న పలక అట్లనే ఉంది, గీత లేకుండా.

చేయి కడుక్కోలేదు ఫిజా. బండి తీసి దవాఖానకు ఉరికాను. తలుపు ఉంది. దాని ముందు ఒక తల్లి పిల్లవాడికి చెప్పులు తొడుగుతోంది, వాడు అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను అరిచిన అరుపుకు వాడు ఏడ్చాడు. డాక్టర్‌కు ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. అద్దానికి రెండు వైపులా టేపు అతికించి, పట్టీలు విప్పి, తలుపు దింపి బయట పడుకోబెట్టాను. ఆ తలుపు ఖాళీకి మన వాడకట్టు జంపఖానా ఒకటి తెచ్చి వేలాడదీశాను. దుకాణానికి వచ్చి నీ ఉత్తరం అప్పుడు విప్పాను.

ఇప్పుడు రోజూ అదే పని. నేను పెట్టిన తలుపులు నేనే దింపుతున్నాను. కొందరు తిడుతున్నారు, కొందరు తలుపే తియ్యనివ్వడం లేదు, వాళ్ల గుమ్మం ముందే కూర్చుంటున్నాను.

మొగిలమ్మ దగ్గరికి పోయాను. మగ్గం మీద ఉంది. నెలవంక సంగతి, మెషీన్ సంగతి అంతా చెప్పాను. చేతులు ఆపకుండా విన్నది. తిడుతుందనుకున్నాను. "ఫైజలూ, నాడు గంతమంది ముందట ఎవ్వరి తప్పు లేదని చదివినవ్. నేడు నా ఒక్కదాని చెవుల చెప్తానవ్. గంతమంది ముందటనే చెప్పు" అన్నది.

నిన్న చెప్పాను. అదే హాల్లో, అదే పెద్దల ముందు. "నోరు మూసుకో, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటానవ్" అని వెంకట్రాజం వకీలు నా చొక్కా పట్టి గుంజాడు. నేను ఆగలేదు. అద్దం ఎందుకు పగిలిందో రాసిన నీ ఉత్తరాలు రెండూ మొదటి నుంచి ఆఖరు దాకా చదివాను. నీళ్ల సంగతి, బంధాల సంగతి ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు. తప్పు ఎవరిదో మాత్రం అర్థమైంది. కిషన్ రావు కుర్చీ తన్ని లేచాడు. కేసు మళ్లీ తిరగదోడతానన్నాడు. తిరగదోడనీ.

మొగిలమ్మ వెనక పూజ నిలబడి ఉంది. ఇల్లు దాటి రావడం అదే మొదలట, కంటికి గుడ్డ కట్టుకుంది. అందరూ లేచిపోతుంటే నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా తలుపు నేను తోసిన. లోపట పెళ్లిపిల్ల పిలుస్తాందని రెండు చేతులతోని గట్టిగ తోసిన. నా చేతులల్లనే పేలింది. అమ్మకు గూడ చెప్పలే. దానంతట అదే పగిలిందని మీరంత అన్నరు గని, నేను తోసిన గద, నేనే పలగొట్టిన అనుకున్న. నా కన్ను నేనే పోగొట్టుకున్ననని..." అన్నది. "అయితే నాది గాదా?"

మనం ఎవరి తప్పూ లేదని తేల్చిన రోజు నుంచి ఆ పిల్ల గోడ వైపు తిరిగి మోస్తున్నది ఇది. నేను చూపు పోయిన బాధ అనుకున్నాను.

"నీది గాదు బిడ్డా. తోసుటానికే తలుపు పెడ్తరు. తప్పు నాది" అన్నాను.

నా మొహంలోకి చూస్తూ, "ఇంకోపారి చెప్పన్నా" అన్నది.

చెప్పాను.

నీ అన్న,
ఫైజల్